చెయ్యి బల్ల మీద, బాణం తెర మీద

మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఏ సాఫ్ట్‌వేర్ ఆఫీసులోకి వెళ్ళినా ఒక సంగతి కనిపిస్తుంది. ల్యాప్‌టాప్‌కు సొంత టచ్‌ప్యాడ్ ఉంటుంది. జేబులోని ఫోనును అందరూ వేలితో తాకే నడుపుతున్నారు. అయినా ల్యాప్‌టాప్ పక్కన మౌస్ ఉంటుంది. ఇంటి నుంచి పనిచేసే రోజున అదే మౌస్ బ్యాగులో ఇంటికొచ్చి డైనింగ్ టేబుల్ ఎక్కుతుంది. ఆ టేబుల్ పైభాగం గాజుదైతే చిక్కు మొదలవుతుంది. చెయ్యి కదులుతుంది, బాణం కదలదు. లేకపోతే ఉన్నట్టుండి ఎటో గెంతుతుంది. కింద ఒక పాత పేపరో నోటుబుక్కో పరిస్తే మళ్ళీ చక్కగా పనిచేస్తుంది.

గాజు మీద పనిచేయనిది కాగితం మీద ఎందుకు పనిచేస్తుంది? బల్ల మీద చెయ్యి ముందుకు జరిగితే, నిలువుగా ఉన్న తెర మీద బాణం పైకి ఎలా వెళ్తుంది? వేలితో తాకే తెరలు వచ్చిన తర్వాత కూడా మౌస్ ఎందుకు పోలేదు? ఈ మూడు ప్రశ్నలకూ జవాబు సగం యంత్రంలో ఉంది. మిగతా సగం మన చేతిలో, మెదడులో ఉంది. రెండు సగాలనూ వరసగా చూద్దాం.

## చెక్క పెట్టె, రెండు చక్రాలు

1960ల మొదట్లో కంప్యూటర్‌తో పని అంటే, చాలాచోట్ల, కార్డులకు చిల్లులు పొడిచి యంత్రానికి అప్పగించడం, అచ్చైన జవాబు కోసం గంటలు ఎదురుచూడడం. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేస్తున్న డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఈ పద్ధతి మారాలని పట్టుబట్టాడు. ఆయన అంతకుముందు అమెరికా నౌకాదళంలో రాడార్ టెక్నీషియన్. రాడార్ తెర మీద విమానాన్ని చుక్కగా చూపించగలిగినప్పుడు కంప్యూటర్ తెర మీద మాటలూ బొమ్మలూ చూపించవచ్చనీ, మనిషి వాటిని అక్కడికక్కడే దిద్దుకోవచ్చనీ ఆయన నమ్మకం. దిద్దాలంటే ముందు "ఇదిగో, ఈ మాట" అని చూపించాలి. దేనితో చూపించాలి?

ఈ ప్రశ్నకు ఆయన బృందం ఊహతో సరిపెట్టుకోలేదు, కొలిచి చూసింది. తెరకు ఆనించే కాంతి కలం, అటూ ఇటూ వంచే జాయ్‌స్టిక్, బల్ల కింద మోకాలితో నడిపే పరికరం, వీటితోపాటు తాము తయారుచేసిన ఒక చెక్క పెట్టె. తెర మీద ఒక గురి చూపించి, మనుషులు దాన్ని ఎంత త్వరగా, ఎన్ని తప్పులతో చేరుతున్నారో లెక్కపెట్టారు. కొత్తవాళ్ళకు మోకాలి పరికరం, కాంతి కలం కూడా బాగానే పనికొచ్చాయి. అలవాటు పడినవాళ్ళ చేతిలో మాత్రం చెక్క పెట్టెదే పైచేయి అయింది.

ఆ పెట్టెను 1964లో తయారుచేసినవాడు ఇంజనీరు బిల్ ఇంగ్లిష్. అడుగున రెండు చక్రాలు, ఒకదానికొకటి లంబంగా. ఒకటి ముందువెనకల కదలికను, రెండోది కుడిఎడమల కదలికను కొలుస్తుంది. పక్కకు జరిపితే ఒక చక్రం తిరుగుతుంది, రెండోది ఊరికే జారుతుంది. ఏటవాలుగా జరిపితే రెండూ తమ వంతు తిరుగుతాయి. ఎటువైపు కదలికనైనా ఇలా రెండు అంకెలుగా విడగొట్టవచ్చు. పెట్టెలోంచి వచ్చే తీగ తోకలా ఉండడంతో దానికి మౌస్ అనే పేరు స్థిరపడింది.

1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో వెయ్యి మంది ముందు, దాదాపు గంటన్నరసేపు ఎంగెల్‌బార్ట్ దాన్ని నడిపి చూపించాడు. 1970లో పేటెంటు వచ్చింది, అది సంస్థ సొత్తు. కోట్ల మంది చేతుల్లోకి వెళ్ళిన ఈ పరికరం మీద ఆయనకు రాయల్టీ రాలేదు. తర్వాత జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో చక్రాల స్థానంలో బంతి వచ్చింది. 1984లో ఆపిల్ మెకింటోష్‌తో మౌస్ మామూలు ఇళ్ళకూ చేరింది.

## హైదరాబాదు చేతికి ఎలా వచ్చింది

హైదరాబాదుకు కంప్యూటర్లు హైటెక్ సిటీతో రాలేదు. 1967లో ఇక్కడ ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, మనందరం ఈసీఐఎల్ అనే సంస్థ, మొదలైంది. టీడీసీ-12 అనే కంప్యూటర్‌ను అది తయారుచేసింది.  అయితే అప్పటి కంప్యూటర్లతో పని టైపు మీటలతో, చిల్లుల కాగితపు పట్టీలతో. మౌస్ ఇక్కడి చేతుల్లోకి విరివిగా వచ్చింది విండోస్ వచ్చాక. 1990లలో తెలుగు పత్రికలూ పుస్తకాలూ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో తయారవడం మొదలైనప్పుడు డీటీపీ ఆపరేటర్ల కుడిచెయ్యి రోజంతా మౌస్ మీదే ఉండేది. కాలమ్ జరపాలన్నా, బొమ్మ కత్తిరించాలన్నా అదే.

1998 నవంబర్ 22న ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. మైక్రోసాఫ్ట్ తన భారత అభివృద్ధి కేంద్రాన్ని హైదరాబాదులో పెట్టిందీ ఆ ఏడాదే. అప్పటి మౌస్ కడుపులో రబ్బరు పూత బంతి ఉండేది. బల్ల మీది దుమ్మంతా ఆ బంతికి అంటుకుని లోపలి సన్నటి కడ్డీల మీద మందంగా పేరుకునేది. బాణం మొరాయిస్తే మౌస్ బోర్లించి, మూత తిప్పి, బంతి బయటికి తీసి, ఆ మురికిని గోటితో గీకడం అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో చదివినవాళ్ళందరికీ తెలిసిన పని. 1999లో మైక్రోసాఫ్ట్ బంతి లేని మౌస్‌ను విడుదల చేసింది. అడుగున ఎర్రటి వెలుగు, పక్కనే ఒక చిన్న కన్ను. కాంతి మౌస్, అంటే ఆప్టికల్ మౌస్. పదేళ్ళు తిరిగేసరికి బంతి మౌస్‌లు దాదాపు కనుమరుగయ్యాయి.

## బల్లను ఫోటోలు తీసే కన్ను

ఆ ఎర్రటి వెలుగు బల్ల మీద ఏటవాలుగా పడుతుంది. నున్నగా కనిపించే కాగితం మీద కూడా సన్నటి పీచులు, ఎత్తుపల్లాలు ఉంటాయి. ఏటవాలు వెలుగులో వాటికి నీడలు పడతాయి. ఆ నీడలను చిన్న కటకం ఒక చిప్పు మీదికి చేరుస్తుంది. చిప్పు అంటే ఇక్కడ బుల్లి కెమెరా. దాని ఫోటో చాలా ముతక. వరసకు పదహారో పద్దెనిమిదో చుక్కలు, వరసలూ అన్నే. అది చూసే బల్ల ముక్క వెడల్పు సుమారు మిల్లీమీటరు. కానీ అది తొలి రోజుల్లోనే సెకనుకు 1500 ఫోటోలు తీసేది. ఇప్పటివి వేలల్లో తీస్తాయి.

ఈ ఫోటోలతో అదేం చేస్తుంది? రాయదుర్గం వెళ్ళే మెట్రోలో కిటికీ పక్కన కూర్చున్న ప్రయాణికుణ్ణి తలుచుకోండి. అతనికి రైలు చక్రాలు కనిపించవు. కిటికీలోంచి చూస్తే దుకాణాల బోర్డులు వెనక్కి జరుగుతున్నాయి. బోర్డు కిటికీలో కుడి నుంచి ఎడమకు ఎంత జరిగిందో చూస్తే రైలు ఎటు, ఎంత కదిలిందో చెప్పగలడు. మౌస్ చేసేది అదే. మొదటి ఫోటోను రెండో ఫోటో మీద పెట్టి, ఒక చుక్క అటూ ఒక చుక్క ఇటూ జరుపుతూ నీడలు ఎక్కడ సరిగ్గా కలుస్తాయో చూస్తుంది. ఎంత జరిపితే కలిసిందో, అంత కదిలామని లెక్క. ఈ పోలిక అంతా సెకనులో వెయ్యో వంతు లోపే అయిపోవాలి.

ప్రయాణికుడికి వచ్చే ఇబ్బందులే మౌస్‌కూ వస్తాయి. రైలు విపరీతమైన వేగంతో పోతూ, కళ్ళు ఎప్పుడో ఒకసారి మాత్రమే తెరిస్తే, ముందు చూసిన బోర్డు మళ్ళీ కనిపించదు. కొలవడానికి ఆధారం ఉండదు. అందుకే సెకనుకు అన్ని ఫోటోలు. చెయ్యి సెకనుకు 30 సెంటీమీటర్ల వేగంతో దూసుకుపోయినా, 1500 ఫోటోలు తీస్తే ఒక్కో ఫోటోకు జరిగేది 0.2 మిల్లీమీటర్లే. పాత దృశ్యంలో ఐదింట నాలుగు వంతులు కొత్త ఫోటోలోనూ ఉంటాయి. కిటికీ బయట ఒకే రకం పలకల గోడ పొడుగ్గా సాగితే ఒక పలక దాటామా, రెండు దాటామా అన్నది తేలదు. అలాగే సన్నటి గళ్ళు క్రమం తప్పకుండా అచ్చువేసిన ఉపరితలం మీద మౌస్ కొన్నిసార్లు తడబడుతుంది.

ఇక బయట దట్టమైన పొగమంచు కమ్మితే? చూడటానికేమీ లేదు. రైలు నడుస్తున్నా నిలిచినట్టే ఉంటుంది. గాజు బల్ల మీద మౌస్ పరిస్థితి ఇదే. వెలుగు చాలామటుకు గాజులోంచి కిందికి వెళ్ళిపోతుంది. కొంత అద్దం మీద పడినట్టు పడి మరోవైపు తిరిగిపోతుంది. పీచులు లేవు, నీడలు లేవు, పోల్చడానికి గుర్తులు లేవు. కాగితం పరిస్తే గుర్తులు వస్తాయి, బాణం కదులుతుంది. 2009లో లాజిటెక్ గాజు మీద కూడా పనిచేసే మౌస్ తెచ్చింది. అది గాజు మీది కంటికి కనిపించని దుమ్మునూ గీతలనూ చీకటి నేపథ్యంలో మెరిసే చుక్కలుగా చూసి వాటినే గుర్తులుగా వాడుకుంటుంది.

ఇంకో సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. ఎంత జరిగామో చెప్పగలిగే ఆ ప్రయాణికుడు, కిటికీలోంచి చూసినంత మాత్రాన ఏ స్టేషన్ దగ్గర ఉన్నాడో చెప్పలేడు. మౌస్‌కు కూడా తను బల్ల మీద ఏ చోట ఉందో తెలియదు, ఎంత జరిగిందో మాత్రమే తెలుసు. అందుకే బల్ల అంచుకు చేరినప్పుడు మౌస్ ఎత్తి మళ్ళీ మధ్యలో పెట్టుకోగలుగుతున్నాం. ఎత్తగానే బల్ల దృశ్యం మసకబారుతుంది, లెక్క ఆగిపోతుంది, బాణం ఉన్నచోటే ఉంటుంది. అరచేయంత జాగాతో ఎంత పెద్ద తెరనైనా, రెండు మూడు తెరలనైనా చుట్టిరాగలిగేది ఈ గుణం వల్లే.

## అంకెల నుంచి బాణం దాకా

మౌస్ కంప్యూటర్‌కు ఫోటోలు పంపదు. పంపేది కొన్ని అంకెలే. పక్కకు ఎంత, ముందుకు ఎంత, ఏ మీట నొక్కారు, చక్రం ఎంత తిరిగింది. మామూలు యూఎస్‌బీ మౌస్ ఈ కబురు సెకనుకు 125 సార్లు అందిస్తుంది. తీగ లేని మౌస్ అదే కబురును రేడియో తరంగాల మీద పంపుతుంది. ఒకే ఫ్లోర్‌లో వందల వైర్‌లెస్ మౌస్‌లు ఉన్నా ఒకరి చెయ్యి మరొకరి బాణాన్ని కదపదు. ప్రతి కబురుకూ చిరునామా ఉంటుంది. జత కలిపిన రిసీవర్ తన చిరునామా ఉన్నదాన్ని తీసుకుని మిగతావాటిని వదిలేస్తుంది.

అంకెలు అందాక ఆపరేటింగ్ సిస్టమ్ వాటిని తెర మీది చుక్కలుగా, అంటే పిక్సెళ్ళుగా మారుస్తుంది. ముందుకు జరిగినట్టు చెప్పే అంకెను తెర మీద పైకి అని లెక్కవేస్తుంది. చెయ్యి మెల్లగా కదిలితే అంకెను తగ్గించి, వేగంగా కదిలితే పెంచి మార్చడం చాలా కంప్యూటర్లలో ఉన్న ఏర్పాటు. తెర ఈ చివర నుంచి ఆ చివరకు పోవాలనుకున్నప్పుడు ఒక్క విసురు చాలు. రెండు అక్షరాల మధ్య దూరాలనుకున్నప్పుడు బాణం చుక్క చుక్కగా నడుస్తుంది.

ప్రోగ్రాం బిగుసుకుపోయినా, ఏ మీటకూ పలకకపోయినా బాణం మాత్రం మామూలుగా తిరగడం మీరు చూసే ఉంటారు. బాణాన్ని ఆ ప్రోగ్రాం గీయదు. గ్రాఫిక్స్ చిప్పు దాన్ని మిగతా దృశ్యం మీద విడిగా పరుస్తుంది. మౌస్ అంకెలు ఆపరేటింగ్ సిస్టమ్‌కు అందుతున్నంతసేపూ బాణం కదులుతూనే ఉంటుంది. బాణం తిరుగుతోందంటే యంత్రం మొత్తం ఆగిపోలేదని, చిక్కు ఒక ప్రోగ్రాంలోనే ఉండవచ్చని అర్థం.

## గురి చేరడానికి పట్టే కాలం

యంత్రం వంతు ఇక్కడితో అయిపోయింది. ఇక మిగిలినది మనిషి వంతు, అదే పెద్దది. చెయ్యి కదలిక రెండు అంచెల్లో సాగుతుందని 1899లోనే మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ వుడ్‌వర్త్ చూపించాడు. మొదట గురి వైపు ఒక పెద్ద విసురు. తర్వాత కంటితో చూస్తూ చిన్న చిన్న సవరణలు. మీ బాణాన్ని గమనించండి. బటన్ దగ్గరకు రివ్వున వస్తుంది, ఆఖరున నెమ్మదించి సర్దుకుని ఆగుతుంది.

1954లో పాల్ ఫిట్స్ దీనికి ఒక కొలత ఇచ్చాడు. లోహపు పలకలను పుల్లతో తాకమని మనుషులకు చెప్పి కాలం లెక్కించాడు. గురి దూరమైనకొద్దీ కాలం పెరుగుతుంది, గురి చిన్నదైనకొద్దీ కూడా పెరుగుతుంది. దూరం రెట్టింపైనా, వెడల్పు సగమైనా పెరిగే కాలం సమానమే. దూరమూ వెడల్పూ రెండూ రెట్టింపైతే కాలం మారదు. దీన్ని ఫిట్స్ నియమం అంటారు. 1978లో జిరాక్స్ పరిశోధకులు స్టువర్ట్ కార్డ్, బిల్ ఇంగ్లిష్, బెట్టీ బర్ మౌస్‌కు ఇదే పరీక్ష పెట్టారు. మౌస్ ఆ నియమాన్ని పాటించడమే కాదు, దాని వేగం ఉత్త చెయ్యి వేగానికి చాలా దగ్గరగా వచ్చింది. అంటే మౌస్ మనల్ని ఆలస్యం చేయడం లేదు. పట్టే కాలం మన చేతిదీ మెదడుదీ. ఒక పరికరానికి ఇంతకు మించిన మెప్పు లేదని నేను అనుకుంటాను.

తెర అంచులో ఉన్న మెనూ చేరడం ఎందుకు తేలికో కూడా ఈ నియమం చెబుతుంది. అంచు దగ్గర బాణం ఆగిపోతుంది కాబట్టి ఎంత గట్టిగా విసిరినా గురి దాటదు. ఆఖరి సవరణ అవసరమే రాదు. మూలలు ఇంకా తేలిక.

ఫోన్ తెర వచ్చినా మౌస్ ఎందుకు పోలేదన్న ప్రశ్నకూ ఇక్కడే జవాబు. వేలి కొస వెడల్పు సుమారు సెంటీమీటరు, బాణం కొస ఒక్క చుక్క. ఎక్సెల్ గడుల మధ్యా, కోడ్ వరసల మధ్యా పనిచేసేవాళ్ళకు ఆ ఒక్క చుక్క కావాలి. వేలు తాకినచోటునే కప్పేస్తుంది, బాణం కప్పదు. నిలువు తెరను గంటల తరబడి తాకాలంటే భుజం ఎత్తి ఉంచాలి, మౌస్ పట్టిన చెయ్యి బల్ల మీద సేదతీరుతుంది. నొక్కకుండా ఊరికే మీద ఉంచి వివరం చూసే సౌకర్యం కూడా బాణానికి ఉంది, మామూలు తాకే తెరకు లేదు.

## చేతికి ఉన్న హద్దు

సేదతీరినంత మాత్రాన చెయ్యి అలసిపోదని కాదు. మణికట్టులో ఎముకల మధ్య ఒక సన్నటి దారి ఉంటుంది, మణికట్టు సొరంగం, అంటే కార్పల్ టనెల్. అందులోంచి వేళ్ళను ముడిచే తొమ్మిది స్నాయువులూ, వాటితోపాటు ఒక నరమూ వెళ్తాయి. మణికట్టు పైకి వంగి గంటల తరబడి అలాగే ఉంటే ఆ దారిలో ఒత్తిడి పెరుగుతుంది, నరం నలుగుతుంది. అలా నరం నలిగి వచ్చే జబ్బే కార్పల్ టనెల్ సిండ్రోమ్. డెన్మార్క్‌లో వేల మంది ఉద్యోగులను ఏడాదిపాటు గమనించిన అధ్యయనం 2003లో వెలువడింది. కీబోర్డు పనికీ ఈ జబ్బు లక్షణాలకూ సంబంధం కనబడలేదు. వారానికి ఇరవై గంటలకు మించి మౌస్ వాడినవాళ్ళలో మాత్రం లక్షణాలు కొంత ఎక్కువగా మొదలయ్యాయి. కంప్యూటర్ పని పెద్ద ప్రమాదకారి కాదన్నది ఆ పరిశోధకుల తీర్పు. భయం అక్కర్లేదు, జాగ్రత్త కావాలి.

జాగ్రత్తలు చిన్నవే. మోచెయ్యి ఒంటికి దగ్గరగా ఉండాలి, ముంజెయ్యి బల్లకు ఆనాలి. మణికట్టు తిన్నగా ఉండాలి. కుడివైపు అంకెల మీటలున్న పెద్ద కీబోర్డు మౌస్‌ను దూరంగా నెడుతుంది. ఆ మీటలు వాడనివాళ్ళు చిన్న కీబోర్డు తీసుకుంటే భుజానికి మేలు. మౌస్‌ను గట్టిగా పట్టుకోనక్కర్లేదు. మధ్యమధ్య లేచి నడవాలి. రాత్రిపూట వేళ్ళు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంటే కొత్త మౌస్ కొనడం కాదు, డాక్టరుకు చూపించుకోవాలి.

## మౌస్ పట్టని చేతులు

ఇప్పటిదాకా చెప్పినదంతా బాణం కనిపించేవాళ్ళ గురించి, చెయ్యి వణకనివాళ్ళ గురించి. చూపు లేనివారికి బాణంతో పనిలేదు. వారు తెర చదివే సాఫ్ట్‌వేర్‌తో, అంటే స్క్రీన్ రీడర్‌తో, కీబోర్డు మీటలతోనే పనిచేస్తారు. ఆస్ట్రేలియాలో చూపు లేని ఒక యువకుడు 2006లో మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగా దొరుకుతుంది. పార్కిన్సన్ జబ్బుతో చెయ్యి వణికేవాళ్ళకు చిన్న బటన్ అందదు. ఫిట్స్ నియమం వాళ్ళకు మరింత కఠినంగా వర్తిస్తుంది.

వెబ్ ప్రమాణాలు దీనికి దారి చూపిస్తున్నాయి. మౌస్‌తో చేయగలిగే ప్రతి పనీ కీబోర్డుతోనూ చేయగలగాలన్నది వాటిలో పాత నియమం. 2023 అక్టోబరులో వచ్చిన కూర్పు, నొక్కే గురి కనీసం 24 పిక్సెళ్ళ వెడల్పు, 24 ఎత్తు ఉండాలంటోంది. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఉంది. ఆ చట్టం కింద వచ్చిన అందుబాటు నియమాలు ఉత్త సూచనలుగా మిగలకూడదని, తప్పనిసరి చేయాలని 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికను తయారుచేసింది శామీర్‌పేటలోని నల్సార్ విశ్వవిద్యాలయంలో ఉన్న వైకల్య అధ్యయన కేంద్రం. ఆ పని జరిగింది మన హైదరాబాదు అంచునే.

ఎంగెల్‌బార్ట్ బృందం అరవై ఏళ్ళ కిందట చేసిన మంచి పని, మనుషుల చేతులను కొలిచి పరికరాన్ని ఎంచుకోవడం. ఆ పద్ధతి మాదాపూర్‌లో, గచ్చిబౌలిలో, నానక్‌రామ్‌గూడలో ప్రోగ్రాములు రాసే ప్రతి ఒక్కరికీ అందుబాటులో ఉంది. మీరు అలాంటి పనిలో ఉంటే ఒక్క పరీక్ష చేయండి. మీరు తయారుచేసిన పేజీ తెరవండి. మౌస్ తీగ పీకేయండి, టచ్‌ప్యాడ్ ముట్టుకోకండి. ట్యాబ్ మీట, ఎంటర్ మీట, బాణం మీటలు, ఇంతే. లాగిన్ కాగలిగారా? ఫారం నింపగలిగారా? బిల్లు కట్టగలిగారా? ఎక్కడ ఆగిపోయారో అక్కడ ఎవరో ఒకరు ఇప్పటికే రోజూ ఆగిపోతున్నారు. ముందు దాన్ని సరిచేయండి.